పాతరలోకి దింపిన దీపం

బస్తా నోటి దగ్గర ఎవడైనా మంచి గింజలే పోస్తాడు. సరుకు సంగతి తెలియాలంటే అడుగు మూలలో ఇనుప గొట్టం గుచ్చాలి. ఆమదాలవలసలో పాతికేళ్లుగా ధాన్యం కొంటున్న జగన్నాధం మనుషుల్నీ అలాగే పరీక్షిస్తాడు.

అందుకే డేవిడ్‌రాజు రైలు దిగి, కెమెరా పెట్టె ఒళ్లో పెట్టుకుని కొట్టు అరుగు మీద కూర్చోగానే ముందు మజ్జిగ ఇప్పించాడు, తర్వాత గొట్టం గుచ్చాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎవరు పంపారు. కొండల మీద అలజడి మొదలైన రోజులవి. కొత్త మొహం కనిపిస్తే పోలీసులూ ఆరా తీసేవారు, ఊళ్లవాళ్లూ ఆరా తీసేవారు. కెమెరాతో వచ్చినవాడు ఏదో ఒక పక్షం మనిషై ఉండాలి.

డేవిడ్‌రాజు ఏ పక్షమూ కాదన్నాడు. తండ్రి మిషన్ చర్చి పాస్టరట. యుద్ధం రోజుల్లో నీలాడవలసలో ఎస్టేటు ధాన్యం దాచే నేలపాతరలో తొమ్మిదిమంది చనిపోయారు. కలరా అని కాగితాల్లో రాసుకున్నారు. వాళ్లలో ఇద్దరిని పాతిపెట్టిన ఆ పాస్టరు మాత్రం చర్చి పుస్తకంలో చనిపోయింది ‘పాతరలో’ అని రాశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని కొడుకు సినిమా తీస్తానని బయల్దేరాడు.

"మీరు ఆ రోజు అక్కడున్నారట కదండీ" అన్నాడు.

జగన్నాధం తొణకలేదు. అప్పట్లో విచారణకు వచ్చిన ఆఫీసరుకు చెప్పిందే ఇతనికీ చెప్పాడు. ధాన్యం కొనడానికి మావ తనను పంపాడు. వయసు ఇరవై, వ్యాపారానికి కొత్త. ఎస్టేటు మేనేజరు కర్రలు చూపించి కూలీలను పాతరలోకి దింపాడు. ముందు తాడుకి కట్టి దింపిన దీపం లోపల వెలుతురు కోసమే అనుకున్నాడు తను. అంతకు మించి తెలియదు.

డేవిడ్‌రాజు అంతా రాసుకున్నాడు. ఆ రాసుకోవడం జగన్నాధానికి నచ్చలేదు. ఊరు ఎరగనివాడివి, నా బండి మీద పద, నేనూ తోడొస్తానన్నాడు. నోరు విప్పేది ఎవరైనా, ఆ మాట ముందు తన చెవిన పడాలి. పాతికేళ్లు తూకంలో మోసం లేని మనిషిగా నిలబడ్డ పేరు ఈ పెట్టెలో పడి పోతే మళ్లీ రాదు.

నీలాడవలసలో కెమెరాను చూసి ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. పాతరలో మొగుణ్ని పోగొట్టుకున్న దేముడమ్మ వేసుకోలేదు, కానీ డేవిడ్‌రాజు కెమెరా ముందు వేసిన పీట మీద కూర్చోనంది. ఆమె ఇంట్లో ఏ కుండకీ మూత ఉండదు. ఎలకలు తిన్నా సరే, మూత పెట్టనివ్వదని కొడుకు సత్యం చెప్పాడు.

రెండోనాటి సాయంత్రం డేవిడ్‌రాజు, దేముడమ్మ పెరట్లో చాలాసేపు మాట్లాడుకోవడం జగన్నాధం చూశాడు. ఏమిటి విషయమని డేవిడ్‌రాజును అడిగితే, పాతర తెరిపించి ఆనాటిలాగే దీపం దింపడం తీస్తామన్నాడు. సత్యం తండ్రి వేషంలో దిగుతాడట. అంతసేపూ ఇంతేనా మాట్లాడుకున్నారు? ఈ పాస్టరు కొడుకు పైన పోసి చూపించే గింజలు మరీ శుభ్రంగా ఉన్నాయి.

మర్నాడు పాతర దగ్గర ఊరు ఊరంతా దూరంగా నిలబడింది. మూత తీసే ఉంది. కెమెరా పక్కన ఆ పీట ఇవాళా ఖాళీగానే ఉంది. దేముడమ్మే దీపం వెలిగించి తాడుకి కట్టింది. డేవిడ్‌రాజు కెమెరా తిప్పుతుంటే సత్యం దీపాన్ని మెల్లగా దించాడు. నిలువు లోతు వెళ్లకముందే అది ఆరిపోయింది.

"గాలికి ఆరినట్టుంది. వెలుతురు కోసమే కదా, టార్చి తీసుకుని దిగు సత్యం" అన్నాడు డేవిడ్‌రాజు.

గాలికి ఆరింది. ఆనాడు మేనేజరుతో జగన్నాధం అన్నది సరిగ్గా ఆ మాటే. దీపం ఆరితే లోపల చెడ్డగాలి ఉన్నట్టు. ఆ పూట మూత తీసి వదిలేసి, మర్నాడు మళ్లీ దీపం దింపి చూడాలి. ధాన్యం వ్యాపారం చేసే ఇంట పుట్టినవాడికి అది చిన్నప్పుడే తెలుస్తుంది. కానీ ఆ రోజు రైలుకి సరుకు అందకపోతే మావ ముందు తన పరువు పోయేది.

సత్యం నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"దిగొద్దు!" అని జగన్నాధం ఉరికి అతని రెక్క పట్టి లాగాడు. "గాలికి ఆరింది కాదురా. లోపలికి దిగినోడు బతకడు."

సత్యం నిచ్చెన మీంచి కాలు తీసి పక్కకు తప్పుకున్నాడు, భయపడ్డవాడిలా లేడు. జగన్నాధానికి అనుమానం తగిలింది. తాడు లాగి దీపం చేతిలోకి తీసుకున్నాడు. ప్రమిదలో నూనె లేదు. ఒత్తికి అంటిన తడి తప్ప చుక్క లేదు. ఇదీ నీ పనేనా అన్నట్టు డేవిడ్‌రాజును చూశాడు. అతనూ కెమెరా వెనకనుంచి తల ఎత్తి తెల్లబోయి చూస్తున్నాడు.

"ఆ బాబుకేటీ తెల్దు" అంది దేముడమ్మ. "నూనె పొయ్యనిది నాను. పాతర మూత నిన్నే తీయించినాను, సెట్టు మండలతో లోపలికి గాలి ఇసిరించినాను. నా కొడుకుని సంపుకుంతానా?"

మూడు రోజులు జగన్నాధం గుచ్చిన బస్తా వేరు, చూడాల్సింది ఈమెను.

"ఆ దినం గంజి తెచ్చి నాను ఈడే నిలుసున్నాను. ఆరిన దీపం పైకొచ్చింది, సూసినాను. నువ్వు మేనేజరుతో ఏటో అన్నావు. ఏటన్నావో ఇనపడలేదు." ఆమె రెండడుగులు ముందుకు వేసింది. "ఎలుతురు కోసమే అని నువ్వు సెప్పిన దీపం ఆరితే మడిసి సస్తాడని నీకు ఎప్పుడు తెలిసింది, సావుకారి బాబూ?"

తర్వాత తెలిసిందనొచ్చు. వ్యాపారంలో పడ్డాక ఎవరో చెప్పారనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పక్కన తాటిచెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు. సత్యానికి అచ్చం ఆ తండ్రి మొహమే.

"ఆ దినానికే తెలుసు, దేముడమ్మా" అన్నాడు. "గాలికి ఆరిందని నేనే అన్నాను."

ఆమె చెయ్యి చాపి దీపం తీసుకుంది. మూడు రోజులుగా ఖాళీగా ఉన్న ఆ పీటను కెమెరా ముందుకు లాగింది, కానీ దాని మీద తను కూర్చోలేదు. పక్కన నిలబడి అతనికి చూపించింది.

జగన్నాధం వెళ్లి కూర్చున్నాడు.