విడిచిన చీర

"ఏంది, కన్న బిడ్డను ఎత్తుకోవడానికి కూడా ఒకరు చెప్పాల్నా?" అన్నాడు నా భర్త వెంకటేష్, కాళ్లు కడుక్కుంటూ. చేతులు చాచాను. ప్రియ మా అత్త కాశమ్మ కుచ్చిళ్లు పట్టుకుని, నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది.

గొర్రెల మందతో ఏడు నెలల తర్వాత బేస్తవారిపేట పక్కనున్న మా ఊరికి అప్పుడే వచ్చాము. కోతలైన పొలాల్లో మంద కట్టడానికి కృష్ణా వైపు వెళ్లేటప్పుడు ప్రియకు పదో నెల. వండిపెట్టడానికి ఆడమనిషి కావాలి, పిల్లను ముసలామె చూసుకుంటుంది అని వెంకటేష్, వాళ్ల నాయన కూర్చుని తేల్చేశారు. నన్నెవరూ అడగలేదు. రొమ్ముకు వేపాకు ముద్ద రాయించి మూడు రోజుల్లో పాలు మాన్పించారు. ఆ తర్వాత పది రోజులు రవిక తడుస్తూనే ఉంది. ఆ తడి రవికతోనే పొలం గట్ల మీద ఆరుగురికి సంకటి కెలికాను.

మర్నాడు అంగన్‌వాడీకి తీసుకెళ్తే, టీచర్ కృపారాణి ప్రియను కాసేపు ఆడించి, ఈ వయసుకు రావలసిన మాటలు రాలేదంది. మొదటి మూడేళ్లు తల్లి పక్కనుండి మాట్లాడుతుంటేనే బిడ్డకు మాటా ధైర్యమూ వస్తాయట. మంచి మనిషే, మెల్లగానే చెప్పింది. కానీ ప్రతి మాటా తల్లితోనే మొదలైంది. తండ్రి ఊసే లేదు. ఇంటికొచ్చాక వెంకటేష్, "ఫోన్లోనన్నా రోజూ మాట్లాడుంటే సరిపోయేది గదా," అన్నాడు. ఆ ఫోను ఏడు నెలలూ అతని జేబులోనే ఉంది. ఒళ్లు మండింది.

వానలు పడలేదు. సోమవారం మంద మళ్లీ గిద్దలూరు వైపు, కొండ కిందికి కదలాలి. ఈసారి ఉండిపోతానన్నాను. "వంటెవరు చేస్తారు? నువ్వే చెప్పు," అన్నాడు. నాకు మిగిలింది నాలుగు రోజులు. బొరుగులు పెట్టాను, బెలూన్లు కొన్నాను. ప్రియ నా చేతిలోది లాక్కుని అవ్వ దగ్గరికి పరిగెత్తేది. అవ్వనే అమ్మా అంటుంది. దానికొచ్చిన నాలుగు మాటల్లో అదొకటి.

"నేనేం నేర్పలేదు రేణుకా, అదే అంటాది," అంది అత్త, తప్పు చేసినదానిలా. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆ వయసులో చంటిదాన్ని మోసి ఆమె నడుమూ పడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ప్రియను నిద్రపుచ్చి అత్త నీళ్లకు వెళ్లింది. మందలో తల్లి లేని గొర్రెపిల్లను మరో గొర్రె దగ్గరికి రానివ్వదు. పిల్ల చచ్చిపోయిన గొర్రె ఏదైనా ఉంటే, ఆ చచ్చిన పిల్ల తోలు తెచ్చి దీని వీపున కడతాము. వాసన చూసి ఆ గొర్రె తన పిల్లేననుకుని పాలిస్తుంది. నా చేతులతో ఎన్నింటికో కట్టాను. దండెం మీద అత్త విడిచిన చీర ఉంటే తీసి కట్టుకున్నాను. పొగాకు వాసన, చెమట వాసన. కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. సిగ్గేసింది. అయినా కూర్చున్నాను.

ప్రియ నిద్ర లేచి కళ్లు నులుముకుంటూ వచ్చింది. నా వీపు మీద వాలి, ఒళ్లోకి జారి, నా పొట్టలో ముఖం దాచుకుంది. ఎంత బరువెక్కిందో. మెల్లగా వీపు మీద చెయ్యి వేశాను.

"అమ్మా," అంది.

ఊ అనబోయి పెదాలు బిగబట్టుకున్నాను. పలికితే, నేనని తెలిసిపోతుంది.