అనుమానపు పెట్టె, చార్జింగ్ సెల్స్

నేను ఒక రిమోట్ పెట్టెను. టీవీ రిమోట్ అనుకునేరు, అంత తేలిగ్గా చూడకండి. ఆకాశంలో బొమ్మ విమానాన్ని నడిపించే రకాన్ని. ముందు రెండు పుల్లలు, నెత్తిన యాంటెన్నా, వీపున ఎనిమిది సెల్స్ పట్టే గూడు. నన్ను చేసినవాళ్లు పుట్టుకతోనే నాకు అనుమానం అంటగట్టారు. సెల్స్ బలం ఒక గీత కిందికి దిగిందంటే కుయ్‌కుయ్‌మని ఏడవాలి. ఆ గీతను మాత్రం వాడి పారేసే మామూలు సెల్స్‌ను చూసి గీశారు.

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ నడిపే వెంకటపతిరాజుగారు నన్ను కొన్నారు. ఆయన అనుమానం నాకంటే ముదురు. దిమ్మలు ఎక్కించిన లారీని తానే మళ్లీ ఎక్కి చూసుకుంటే గానీ గేటు తీయనివ్వరు. అటువంటి మనిషి నమ్మింది బావమరిది పద్మనాభాన్ని ఒక్కడినే. చేపలు పట్టేశాక నీళ్లు తోడి ఎండగట్టిన చెరువులో, ఆదివారాలు ఇద్దరూ విమానం ఎగరేసేవారు. రాజుగారి భార్య మంగతాయారు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చునేవారు. విమానం మీద ఆవిడకు మోజేమీ లేదు. మొగుడూ తమ్ముడూ ఒక్క మాట మీద ఉంటే ఆవిడకు అదే చాలు.

సెల్స్ కొనడం, పారేయడం దండగని పద్మనాభం ఒకసారి చార్జింగ్ సెల్స్, వాటి చార్జరు తెచ్చి బావకు కానుకగా ఇచ్చాడు. గూట్లోకి ఎక్కగానే నేను వాటిని కొలిచి చూశాను. నిండుగా వచ్చామంటాయి, తీరా చూస్తే ప్రతిదీ మామూలు సెల్ కంటే తక్కువే. దొంగలు దొరికారనుకున్నాను. విమానం లేచి నాలుగు చుట్లు తిరగకముందే ఏడుపు లంకించుకున్నాను.

పద్మనాభం నవ్వాడు. "వీటి తీరే అంతండి బావగారూ. మొదట్నుంచీ తక్కువే చూపిస్తాయి, అలాగే చాలాసేపు నిలబడతాయి. అయిపోయేటప్పుడు మాత్రం ఒక్కసారే పడిపోతాయండి. నిండా చార్జింగ్ పెట్టి, గడియారం చూసుకుని దింపేసుకోవాలంతే."

రాజుగారు తలూపారు గానీ నమ్మలేదు. సరుకు నాసిరకమేమో, బావమరిది మొహమాటానికి కప్పిపుచ్చుతున్నాడేమో అని ఆయన గుబులు. ఇంట్లో చార్జింగ్ పెడితే సెల్స్ వెచ్చబడ్డాయి. అది వాటికి మామూలే. ఆయన మాత్రం ఇల్లంటుకుంటుందని సగంలోనే పీకేశారు. ప్రతిసారీ అదే వరస. పైగా నేను ఏడ్చినప్పుడల్లా రాజుగారి పెట్టెకు ఆకలేస్తోందని, గట్టు మీద విమానం చూడ్డానికి చేరినవాళ్లు ఎగతాళి చేస్తుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్క కత్తిరించి, నా అడుగున ఉన్న స్పీకరు చిల్లుల మీద గట్టిగా అంటించారు. ఈ రెండు పనులూ పద్మనాభానికి తెలియనివ్వలేదు.

వానాకాలమంతా కూర్చుని పద్మనాభం పెద్ద విమానం ఒకటి సొంతంగా చేశాడు. పల్చటి కర్రను కోసి, అతికించి, రెక్కలకు పట్టులాంటి గుడ్డ బిగించాడు. మొదటిసారి బావ చేత్తోనే లేవాలని నన్ను రాజుగారికే ఇచ్చాడు. అది కొంగలా తేలింది. చూసినవాళ్లంతా ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అన్నారు. పద్మనాభం గడియారం చూసి ఇంకా వ్యవధి ఉందన్నాడు. నిండా చార్జింగ్ ఉంటే ఉండేదే. నా వీపులో సెల్స్ ఉన్నట్టుండి చతికిలబడ్డాయి. ప్లాస్టర్ కింద నేను ఎంత మొత్తుకున్నా ఎవరికీ వినపడలేదు. విమానం తలకిందులుగా వచ్చి గట్టును గుద్దుకుంది.

ముక్కలు ఏరుకుంటూ పద్మనాభం చార్జింగ్ నిండా పెట్టారా అని అడిగాడు. "పెట్టాను. నువ్విచ్చిన సరుకే అలాంటిది," అన్నారు రాజుగారు, అందరూ వినేలా. పద్మనాభం ముక్కలు ఒళ్లో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే రాజుగారు మంగతాయారును పుట్టింటి గడప తొక్కవద్దన్నారు. అబద్ధమాడినవాడికి అంత కోపమెందుకో నాకు అంతుపట్టలేదు.

నన్ను పాత ఇనుములోకి వేయమన్నారు. మంగతాయారు మాత్రం డ్రైవరు చేత గుట్టుగా తమ్ముడికి పంపించారు. పద్మనాభం నన్ను తిరగేసి ప్లాస్టర్ చూశాడు. దాన్ని పీకేసి, సెల్స్‌ను నిండా చార్జింగ్ పెట్టి, నన్ను ఆన్ చేసి వదిలేశాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను, అవి మధ్యాహ్నందాకా నిక్షేపంలా నిలబడ్డాయి. ఇక బావ పని పడతాడనుకున్నాను. అతను ఫోన్ చేసి, సెల్స్ నిజంగానే నాసిరకమని తేలిందనీ తప్పు తనదేననీ చెప్పాడు! ఈ మనుషుల్ని ఏం నమ్మాలి?

రాజుగారు మర్నాడే దర్జాగా వచ్చారు. తాను మొదట్నుంచీ అనుమానిస్తూనే ఉన్నానంటూ కూర్చుని, బల్ల మీద బోర్లా పడి ఉన్న నన్ను చూశారు. చిల్లుల చుట్టూ జిగురు మరక మిగిలింది. దాన్ని వేలితో తడిమారు.

"ఇది చూసి కూడా తప్పు నీదన్నావేంట్రా?"

"అక్క ఇంటికి రావాలి కదండి," అన్నాడు పద్మనాభం.

రాజుగారు నన్ను పక్కకు జరిపారు. జేబులోంచి ఫోన్ తీశారు.

"మంగా, మీ తమ్ముడింట్లో ఉన్నాను. వాడి తప్పేం లేదు, చార్జింగ్ సగంలో తీసేసింది నేనే. కారు పంపిస్తున్నాను, వచ్చెయ్."