ఒక గంట తేడా

తప్పు థోర్కిల్‌దేనని ఆఫీసంతా తేల్చేసి రెండేళ్ళయింది. ఎస్బియెర్ రేవులో ఆటుపోట్ల వేళలు లెక్కగట్టే ఆ చిన్న ఆఫీసులో అతనిది ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. సముద్రం వెనక్కి తగ్గాక ఇసుక మీదుగా ఎదుటి లంకకు పోయే ట్రాక్టర్లు అతని కాగితం చూసుకునే కదిలేవి. ఆ వసంతంలో కాగితం మీది వేళలు ఉన్నట్టుండి ఒక గంట ముందుకొచ్చాయి. నీళ్ళు తగ్గకముందే బయల్దేరిన ట్రాక్టరు ఇరుసుల దాకా మునిగింది. ప్రాణాలు పోలేదు గానీ థోర్కిల్ పరువు పోయింది.

"నా ప్రోగ్రాములో తప్పు లేదు. ఈ కంప్యూటర్‌లోనే ఏదో ఉంది," అన్నాడతను. తెర మీద గడియారం నిక్షేపంగా నడుస్తోంది మరి! ఆడలేక మద్దెల ఓడంటున్నాడని అందరూ నవ్వారు. మూడు వారాలు తన ప్రోగ్రామును వరస వరసా చదువుకున్నాడు. లేని తప్పు ఎలా దొరుకుతుంది? చివరికి తన బుర్ర మీదే అనుమానం పెట్టుకున్నాడు.

నవ్వనిది తోటి ఉద్యోగిని మైకెన్ ఒక్కతే. "థోర్కిల్, అలసిపోయావు. ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?" అని మెత్తగా చెప్పింది. నవ్విన వాళ్ళ మాటలు అతను దులిపేసుకున్నాడు. ఈ మెత్తటి మాట మాత్రం లోపల దిగబడింది. ఆ శరత్కాలానికి తనంతట తానే ఉద్యోగం మానేశాడు. ఆఫీసు వేరే కంప్యూటరూ, కొత్త ప్రోగ్రామూ కొనుక్కుంది.

మూల పడేసిన ఆ పాత కంప్యూటర్‌లో ఈ సోమవారం మైకెన్ అలల కొలతల ప్రోగ్రాము పెట్టింది. మళ్ళీ ఒక గంట తేడా. ఈసారి నిందించడానికి థోర్కిల్ లేడు.

ప్రతి ప్రోగ్రామూ లేవగానే గుట్టుగా చదువుకునే సెట్టింగులు కొన్ని ఉంటాయి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు వాటిని. మైకెన్ ఆ జాబితా తీసి చూస్తే అందులో కాలం ఫారో దీవులది. అక్కడ గంట వెనక; ఇక్కడ పదైతే అక్కడ తొమ్మిదే. చెరిపేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే వచ్చి కూర్చుంది. అంటే ఎక్కడో ఒక ఫైలు రోజూ దాన్ని తిరిగి రాస్తోందన్నమాట. ఒక్కొక్క ఫైలే వెతికితే దొరికింది. ఆ వరస పైన ఒక గుర్తు రాసి ఉంది: "పరీక్ష కోసం. శుక్రవారం తీసెయ్యాలి. మైకెన్."

రెండేళ్ళ కిందట ఏదో పరీక్ష కోసం తనే పెట్టిన వరస అది. ఆ శుక్రవారం మహా ప్రార్థనా దినం, సెలవు. ముందు రోజు సాయంత్రమే పండగ ఆనవాయితీగా అందరితో పాటు వేడి బన్నులు కొనుక్కుని ఇంటికి పోయింది. సోమవారానికి మరిచిపోయింది.

"తీసేశావుగా, ఇక వదిలెయ్," అన్నాడు బాసు ఫ్లెమింగ్. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"కాలింది నా చేతులు కాదు, ఫ్లెమింగ్," అని, ఆ ఫైలు అచ్చుతీసుకుని మైకెన్ కోటు తొడుక్కుంది.

థోర్కిల్ ఇంటి తలుపు తీసింది భార్య గుద్రున్. తలుపు వెనకా, అలమార మీదా అన్నీ పసుపు చీటీలు: పొయ్యి ఆర్పావా? తాళం వేశావా?

"డాక్టర్లు ముగ్గురూ ఏమీ లేదన్నారు. మతిమరుపు కాదు మైకెన్, ఒట్టి భయం," గుద్రున్ గొంతు తగ్గించింది. "నీటి వేళలు తప్పు చదువుతానేమోనని పడవ కూడా అమ్మేశాడు."

థోర్కిల్ కాఫీ పోశాడు. మైకెన్ కప్పు ముట్టుకోలేదు. జరిగిందంతా చెప్పింది. దాచుకోలేదు, సాకులు చెప్పలేదు. "నువ్వే నిజం చెప్పావు. తప్పు నాది. నిన్ను డాక్టరు దగ్గరికి పొమ్మన్నదీ నేనే," అంటూ ఏడ్చేసింది.

అతను కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. ఆ వరస మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తిడతాడని ఎదురుచూసింది మైకెన్. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

అతను తిట్టలేదు. కాగితం భార్య ముందుకి జరిపాడు.

"గుద్రున్, నువ్వోసారి చదివి చెప్పు," అన్నాడు. "తప్పు నాది కాదనే ఉంది కదూ ఇందులో? నేను సరిగ్గానే చదివానా?"