నాలుగు చేతుల నల్లబంతి

నేను ఒక చెక్కబంతిని. నిమ్మకాయంత ఉంటాను, ఒంటినిండా నల్ల లక్క. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నన్ను కార్బన్ పరమాణువు అనేవారు. అంత పెద్ద పేరు నేనేమీ అడగలేదు, వాళ్ళే పెట్టారు.

పుట్టింది ఏటికొప్పాకలో, అంకుడు కర్రలోంచి. చేసినవాడు బొమ్మల పెంటయ్య. బొంగరాలూ బొమ్మ బళ్ళూ చేసుకునే అతని దగ్గరికి ఒకరోజు లెక్చరర్ హైమవతి మేడం కాగితం పట్టుకొచ్చింది. మధ్యలో ఒక అక్షరం, దానికి పైకీ కిందికీ కుడికీ ఎడమకీ నాలుగు గీతలు. అది మీథేన్ బొమ్మట. పెంటయ్య బళ్ళు చేసేవాడు కదా, కాగితం చూడగానే చక్రమే కనిపించింది. నా నడుము చుట్టూ సమానంగా నాలుగు కన్నాలు పొడిచాడు. నాతోపాటు ఒక్కొక్క కన్నం ఉన్న తెల్లని చిన్న బంతులు నాలుగు చేశాడు. అవి హైడ్రోజన్లు. తగిలించడానికి వెదురు పుల్లలు.

ఇదంతా ఒక్క పిల్ల కోసం. పేరు నూకరత్నం. పదో తరగతిలో స్కూలుకే ఫస్టు వచ్చింది, ఆ ఏడే చూపు తగ్గడం మొదలైంది. ఇంటర్లో సైన్సు గ్రూపులో చేరేసరికి బోర్డు మీద సుద్దగీత కూడా ఆనేది కాదు. అయినా కెమిస్ట్రీ టీచరునే అవుతానని కూర్చుంది. గ్రూపులో నిలవాలంటే ప్రాక్టికల్ పరీక్ష ఉంది. గాజుగొట్టంలోంచి చుక్కచుక్కగా ద్రవం వదులుతూ, కింద ఫ్లాస్కులో నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరగగానే ఆపాలి. చుక్కలు వదలడం నూకరత్నానికి వచ్చు. రంగు మారిందని పక్కనుంచి ఎవరైనా ఒక మాట చెప్పాలి, అంతే. అలా ఒక మనిషిని ఇప్పించమని మేడం పై ఆఫీసుకి ఉత్తరం రాసింది.

జవాబు వచ్చేలోగా పాఠాలు సాగాయి. మేడం నన్ను ఆ పిల్ల అరచేతిలో పెట్టి పరమాణువు కథ చెప్పేది. "మొదట్లో ఇలాగే గట్టి గుండు అనుకున్నారమ్మా, పగలదూ విరగదూ అని. తర్వాతొకాయన కాదన్నాడు, పుచ్చకాయలో గింజల్లాగ లోపల ఎలక్ట్రాన్లున్నాయన్నాడు. ఇంకొకాయన బంగారు రేకు మీదకి కణాలు వదిలి చూస్తే, చాలామట్టుకు తిన్నగా అవతలికి పోయాయి. అంటే లోపలంతా ఖాళీయే, నడుమ చిన్న కేంద్రకం." నాకు సిగ్గేసింది. లోపల ఎంత గట్టిగా ఉంటానో నాకు తెలుసు. రెండు వందల ఏళ్ళ కిందటి పొరపాటు నల్లరంగు వేసుకుని కూర్చుందన్నమాట. కానీ ఆ మనుషులంటే ముచ్చటేసింది. ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ పోయారు, ఎవరూ కొట్టుకు చావలేదు.

బంధాల పాఠం రోజున మేడం నాకు నాలుగు హైడ్రోజన్లూ తగిలించి ఇచ్చింది. కార్బన్‌కి బయటి కక్ష్యలో నాలుగే ఎలక్ట్రాన్లు, ఎనిమిది కావాలి, అందుకని నలుగురితో చెరొకటి పంచుకుంటుంది, ఆ జంటలు ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటాయి అని చెప్పింది. నూకరత్నం వేళ్ళు నా చుట్టూ తిరిగాయి. నా నెత్తి తడిమింది, అడుగు తడిమింది.

"మేడం, తోసుకుంటాయన్నారు కదండీ. మరి పైనా కిందా ఇంత జాగా ఒగ్గీసి నాలుగూ నడుం దగ్గిరే ఇరుక్కున్నాయేటండీ?"

మేడం తనూ నా నెత్తి తడిమి చూసింది. పద్దెనిమిదేళ్ళుగా బోర్డు మీద ఆ బొమ్మే గీస్తోంది. కాగితం బల్లపరుపు కాబట్టి గీతలు అలా పడతాయని తనకి తెలుసు. ఆ ముక్క పెంటయ్యకి చెప్పడం మరిచిపోయింది. ఆ ఆదివారమే నన్నూ పిల్లనీ వెంటబెట్టుకుని ఏటికొప్పాక వచ్చింది.

"కాయితంలో ఎలాగుందో అలాగే దింపీసేను గదమ్మా!" అన్నాడు పెంటయ్య.

నూకరత్నం నన్ను నేల మీద పెట్టించి చెప్పింది. "మూడు కాళ్ళ మీద నిలబడాలి తాతా. నాలుగోది నెత్తి మీంచి ఆకాశానికి."

పెంటయ్య పాత కన్నాల్లో చెక్కముక్కలు దిగేసి, లక్కతో పూడ్చి, కొత్తవి పొడిచాడు. ఈసారి నిలబడ్డాను. ఆ పిల్ల నవ్వింది. నా బతుకులో అంత సంతోషం మళ్ళీ ఎరగను.

పరీక్షలకి రెండు నెలల ముందు పై ఆఫీసు జవాబు వచ్చింది. రాతపరీక్షకి సహాయకుణ్ణి ఇచ్చే నిబంధన ఉంది, ప్రాక్టికల్‌కి లేదు, విద్యార్థిని ఆర్ట్స్ గ్రూపుకి మారవలెను. మేడం మళ్ళీ రాసింది, మూడోసారీ రాసింది. "రూల్లో లేందే నేనేం చెయ్యనమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. పరమాణువుని అన్నిసార్లు దిద్దుకున్న మనుషులకి ఆ ఒక్క కాగితాన్ని దిద్దడం చేతకాలేదు.

గ్రూపు వదిలి వెళ్ళిపోయే రోజు నూకరత్నం ల్యాబుకి వచ్చింది. మేడం నన్ను ఇవ్వబోతే తీసుకోలేదు. "నాకెందుకండీ ఇంక. నాలాటోళ్ళెవరైనా వొస్తే పనికొస్తాది" అంది. పూడ్చిన కన్నం మీద బొటనవేలితో ఒకసారి రాసి, బల్ల మీద మూడు కాళ్ళ మీద జాగ్రత్తగా నిలబెట్టింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళింది.

అలాంటివాళ్ళు మళ్ళీ ఎవరూ రాలేదు. మేడంకి బదిలీ అయింది. హైడ్రోజన్లు ఒక్కొక్కటే ఎటో దొర్లిపోయాయి. ఇప్పుడు నేను హాస్టల్ వంటింటి వెనక, విరిగిన బల్లచెక్కల మధ్య పొయ్యి కోసం ఎదురుచూస్తున్నాను.

చావుకి భయం లేదు. నా ఒంట్లో అసలైన కార్బన్లు కోటానుకోట్లు ఉన్నాయి, పక్కవాళ్ళని పట్టుకుని. మంటలో ఆ పట్టు వదిలి గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుంటాయి. ఏ ఒక్కటీ ఖాళీ చేతులతో ఉండిపోదు.

ఆ పిల్ల అడిగింది ఒక్క మనిషిని. పక్కన నిలబడి, రంగు మారిందమ్మా అని చెప్పే ఒక్క మనిషిని.