వినపడే దూరం

"టీ నేను పెట్టాను కదా, గిన్నె నువ్వు కడిగెయ్. సగం సగం!" అన్నారు మావారు, పందెం గెలిచినవాడిలా కప్పు పైకెత్తి.

పడీ పడీ నవ్వాను. పెళ్ళయి నాలుగు నెలలు. ఆయన ఏమన్నా నాకు నవ్వొస్తుంది. ఒకే గ్లాసులో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ మా టూత్‌బ్రష్‌లను చూసినా నవ్వొస్తుంది. హాల్లోంచి అత్తయ్య, "మా వాడికి మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో కూడా తెలిసేది కాదమ్మా. అదృష్టవంతురాలివి!" అన్నారు. అవును మరి, అనుకుంటూ గిన్నె కడిగాను. దాంతోపాటు మూడు కప్పులు, స్టవ్ మీద పొంగిన పాలు, గట్టు మీద ఒలికిన పంచదార. తుడుస్తూ కూనిరాగం కూడా తీశాను. నిజంగానే తీశాను.

నా ఉద్యోగం ఒక సర్వే ఆఫీసులో, లెక్కలు వెయ్యడం. చేరి రెండు నెలలైంది. మా సెక్షన్ సారు నన్ను పేరు పెట్టి పిలవరు, "కొత్త పెళ్ళికూతురా" అంటారు. లెక్క నేను వేస్తాను, మీటింగులో ఆయన చెబుతారు, నేను కాగితాలు పంచుతాను. అదీ ముచ్చటగానే ఉండేది.

ఆ రోజు నా బల్ల మీదికి రెండు వందల ఇళ్ళ ఫారాలు వచ్చాయి. ప్రతి ఇంట్లో భార్యనీ భర్తనీ విడివిడిగా అడిగిన ప్రశ్న ఒకటే: ఇంటిపని ఇద్దరూ సమానంగా చేసుకుంటారా? భర్తల్లో నూట ఇరవై నలుగురు అవునన్నారు. భార్యల్లో ఎనభై ఆరుగురే అన్నారు.

"ఏముంది, నోటికొచ్చింది చెబుతారు. కాకతాళీయమేమో చూడు," అన్నారు సారు.

అది చూడటానికే ఒక పరీక్ష ఉంది. రెండు గుంపుల్లో అవునన్నవాళ్ళ శాతాలు వేరువేరుగా వస్తే, ఆ తేడా నిజమైనదా, లేక మరో రెండు వందల తలుపులు తట్టి ఉంటే మాయమైపోయేదా అని తేలుస్తుంది. జవాబు రెండు దాటితే ఆ తేడాని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. నాకు మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. కాకి వాలినందుకు పడిన తాటిపండు కాదిది, ఎవరో కోస్తేనే పడింది! గంతులేసుకుంటూ వెళ్ళి సర్వే అక్కకి చూపించాను. ఇల్లిల్లూ తిరిగి ఆ ఫారాలు నింపింది ఆవిడే.

అక్క కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చింది. "ఈ పరీక్ష ఒకరితో ఒకరికి సంబంధం లేని గుంపులకి కదా అమ్మాయ్? వీళ్ళు మొగుడూ పెళ్ళాలు తల్లీ!"

నాలుక కరుచుకున్నాను. ఒకే కప్పు కింద బతికేవాళ్ళని ముక్కూమొహం తెలియనివాళ్ళుగా లెక్కేశాను. పెళ్ళయినదాన్ని, నేనే!

మళ్ళీ మొదలుపెట్టాం. ఇంటి నంబరు చూసి, భర్త ఫారాన్నీ భార్య ఫారాన్నీ కలిపి పిన్ను గుచ్చి, నేల మీద నాలుగు కట్టలు పేర్చాం. ఇద్దరూ అవునన్న ఇళ్ళు డెబ్బై ఎనిమిది. ఇద్దరూ కాదన్నవి అరవై ఎనిమిది. ఆయన అవునని ఆవిడ కాదన్నవి నలభై ఆరు. ఆవిడ అవునని ఆయన కాదన్నవి ఎనిమిది.

"ఈ ఎనిమిది మంది మొగుళ్ళకీ దణ్ణం పెట్టాలక్కా," అన్నాను.

"పెళ్ళాల మొహమాటానికి పెట్టు. సరే, ఒకే మాట చెప్పిన ఇళ్ళు పక్కకి తీసెయ్. మాట కలవని ఇళ్ళే లెక్క తేలుస్తాయి. నలభై ఆరుకి ఎనిమిదే, తేడా నిజమే."

డెబ్బై ఎనిమిదిళ్ళ కట్టకి రబ్బరుబ్యాండు వేస్తుంటే పైనున్న ఇంటి నంబరు కంటబడింది. మాది. నేను ఉద్యోగంలో చేరకముందు, పెళ్ళయిన మొదటి నెలలో అక్క వచ్చి అడిగి వెళ్ళింది. నా జవాబు కింద అక్క చేతిరాత: "భార్య వంటింట్లోంచి జవాబు చెప్పింది. చేతులు ఖాళీ లేవు. భర్త, అత్తగారు హాల్లో, వినపడే దూరంలో."

రెండుసార్లు చదివాను. అబద్ధం చెప్పానా? లేదే! ఆయన హాల్లోంచి "సగం సగమేనండీ" అని నవ్వారు. అత్తయ్య "అంతకంటే ఎక్కువే" అన్నారు. నేను కూర కలుపుతూ "అవునండీ" అన్నాను, సంతోషంగానే అన్నాను. ఆ సంతోషం నాదే. ఆ అవును మాత్రం నాదా, ఆయనదేనా? ప్రతిధ్వనిని కూడా ఒక మనిషి కింద లెక్కేశారా? మరి ఇప్పుడు కాదంటే, నాలుగు నెలల నవ్వంతా ఏమైపోవాలి? ఆయనంటే నాకు ఇష్టమే కదా. ఇష్టమున్నచోట కాదు అనే మాట ఎక్కడ పెట్టుకోవాలో నాకెవరూ చెప్పలేదు.

"వినపడే దూరం అని రాసినవి ఎన్నక్కా?"

"ముప్ఫై ఒకటి. నిబంధన ప్రకారం వాళ్ళని విడిగా మళ్ళీ అడగాలి. సారు వద్దన్నారు, రేపు మీటింగని."

సారు దగ్గరికి వెళ్ళాను. "అడిగినా ఫలితం మారదుగా కొత్త పెళ్ళికూతురా. వదిలెయ్," అన్నారు.

"మారకపోవచ్చు సార్. కానీ వాళ్ళని అడగలేదు కదా, వాళ్ళ ఇంటిని అడిగాం. మళ్ళీ అడిగేదాకా నేను కాగితాలు పంచను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సారు ఫ్యాను వంక చూశారు.

వెనక్కొచ్చి తలుపేశాను. "మొదట నన్నడుగు అక్కా."

అక్క కొత్త ఫారం తీసింది. "ఇంటిపని ఇద్దరూ సమానంగా చేసుకుంటారా?"

"ఆయన మీద నాకు కోపం లేదక్కా."

"అది అడగలేదు."

"చాలా మంచివారు."

"అదీ అడగలేదు తల్లీ. గళ్ళు రెండే ఉన్నాయి."

హాల్లో ఎవరూ లేరు. అసలు హాలే లేదు.

"కాదు," అన్నాను.

అక్క రాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని ఆయన ఫారానికి జతచేసి పిన్ను గుచ్చాను, ఊడిపోకుండా గట్టిగా. తర్వాత మా ఇద్దరినీ నలభై ఆరిళ్ళ కట్ట మీద పెట్టాను.