వికారియేట్ చరిత్ర

సిస్టర్ పద్మలత కాంగోలో ఏళ్ల తరబడి నర్సుగా చేసి, ఒళ్లు చెడి, ఆసిఫాబాద్ దగ్గరి కాన్వెంటుకు తిరిగొచ్చింది. అదే ఏడు వాళ్ల మిషనరీ సభకు నూరేళ్లు నిండాయి. సభవారు ఆఫ్రికాలో నెలకొల్పిన మొదటి మిషన్ ప్రాంతం ఆమె పనిచేసిన వికారియేటే. దాని చరిత్ర ఉత్సవంలో చెప్పమని ఫాదర్ సుధాకర్ అడిగాడు.

ఆమె తాను విన్నదే చెప్పింది. బెల్జియం వాళ్ల ఏలుబడిలో ఊళ్ల నుంచి పిల్లల్ని పట్టుకొచ్చి మిషన్ పొలాల్లో చాకిరీ చేయించారనీ, పారిపోతే కొరడాతో కొట్టారనీ, పెద్ద చర్చి ఆ పిల్లలు మోసిన ఇటుకలతోనే లేచిందనీ.

"మా వార్డుల ఒక ముసలమ్మ ఉండె. తానం చేయించంగ వీపు చూసిన. అన్నీ వాతలే. 'చర్చి కట్టినప్పటివి బిడ్డా' అన్నది."

అంతలో మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

నెల తిరగకముందే అన్న కైలాసం కూతురు నవ్యశ్రీ ఏడుస్తూ వచ్చింది. ఫాదర్ నడిపే మిషన్ బడిలో టీచరు ఆ పిల్ల. వచ్చే ఏడు రావద్దన్నారట.

"ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి నేను అత్తమ్మా! ఎన్నడో సచ్చినోళ్ల ముచ్చట గిప్పుడెందుకు? బాపు మంచం పట్టిండు. ఇల్లెట్ల గడుస్తది?"

పద్మలత అప్పుడే లేచి ఫాదర్ దగ్గరికి పోయింది. ఆయన కసరలేదు, టీ తెప్పించాడు.

"మీరు చెప్పింది అబద్ధమంటలేను సిస్టర్. కని మనోళ్ల విశ్వాసం సల్లబడొద్దు. ఆదివారం పూజ అయినంక జర రెండు మంచి మాటలు చెప్పుర్రి. పిల్ల సంగతి నేను చూసుకుంట."

"నిజమని తెలిసి గూడ గట్లంటరా ఫాదర్?"

"నిజమైతేంది? ఎవలికి అన్నం పెడ్తది?"

ఆదివారం ఆమె లేచి నిలబడింది. ఫాదర్లు ఆ చీకటి దేశానికి వెలుగు తెచ్చారంది. బడి పెట్టారంది, దవాఖానా పెట్టారంది. అవి పెట్టిన మాట నిజమే. అందుకే నాలుక ఎక్కడా తడబడలేదు. దానికే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది.

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నవ్యశ్రీ. బయటికి రాగానే ఎదురొచ్చి, "మస్తు మంచిగ చెప్పినవ్ అత్తమ్మా" అంటూ కాళ్లు మొక్కడానికి వంగింది.

పద్మలత కాళ్లు వెనక్కి తీసుకుంది.