మసక కాగితాలు

మలావీలో సరస్సు ఒడ్డునున్న మా ఊరి కోర్టులో నేను టైపిస్టుని. ఆ ఏడు ఒక బడిపంతులు మీద కేసు నడిచింది. అతని అఘాయిత్యానికి గురైన పదమూడేళ్ల పిల్ల తలుపులు మూసిన గదిలో సాక్ష్యం చెప్పింది. ఆమె పేరు బయటికి పొక్కకూడదని మేజిస్ట్రేటు గారి ఉత్తర్వు. దాన్ని టైపు చేసిందీ నేనే.

ప్రింటరులో సిరా తగ్గి, సాక్ష్యంలో ఆమె పేరున్న రెండు కాగితాలు మసకగా వచ్చాయి. అలాంటివి కాల్చెయ్యమని కోర్టు ఊడ్చే మటేయో తాతకి ఇవ్వాలి. నేను అలవాటు కొద్దీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లాను. మా అత్తగారు లినెస్ బస్టాండులో మందాసి బూరెలు వేయించి అమ్ముతుంది. పొట్లాలకి కాగితం కావాలి. ఆవిడకి చదువు రాదు. చదువొచ్చిన నేను చూసుకోలేదు.

మూడోరోజు ఆ పిల్ల తల్లి ఎనెలెస్ నూనె మరకల కాగితం పట్టుకుని కోర్టుకి వచ్చింది.

"ఇది బళ్లో చేతులు మారిందయ్యా. నా కూతురు మంచం కిందికి దూరి బయటికి రానంటోంది. మీరు మూసిన తలుపులు ఇవేనా?"

మేజిస్ట్రేటు గారు అందరినీ పిలిచారు. అందరి చూపులూ మటేయో తాత మీదికే వెళ్లాయి.

"నాకిచ్చినవన్నీ కాల్చానయ్యా" అన్నాడు తాత, టోపీ నలుపుకుంటూ.

"కాల్చావా, చేపల వాళ్లకి అమ్ముకున్నావా తాతా?" అన్నాడు గుమాస్తా.

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

మధ్యాహ్నం మామిడిచెట్టు కింద తాత తన మొక్కజొన్న పిండి న్సిమా ముద్దలో సగం నాకు పెట్టాడు. "తినమ్మా. పొద్దుట్నుంచీ ముఖం పీక్కుపోయింది నీకు."

ముద్ద తిరిగి తాత గిన్నెలో పెట్టేశాను. లేచి వెళ్లి మేజిస్ట్రేటు గారికి ఉన్నదంతా చెప్పేశాను.

"ఆ ఉత్తర్వు టైపు చేసింది నువ్వే కదా, డోరికా?" అన్నారాయన. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం అత్తగారూ నేనూ బస్టాండంతా గాలించాం. రెండో కాగితం దొరకలేదు. నా ఉద్యోగం పోయింది. మటేయో తాతకి మేజిస్ట్రేటు గారు అందరి ముందూ క్షమాపణ చెప్పారు. నేను చెప్పబోతే తాత చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. పిల్లని వేరే జిల్లాలో పిన్ని దగ్గరికి పంపేశారు. కొన్ని నెలలకి పంతులికి శిక్ష పడింది.

తీర్పు వచ్చాక ఎనెలెస్ ఇంటికి వెళ్లి గుమ్మం ముందు మోకరిల్లాను. ఆమె అటూ ఇటూ చూసింది.

"లే ముందు. నువ్విలా కూచుంటే దారినపోయేవాళ్లు ఎందుకని అడుగుతారు. ఏం చెప్పమంటావు నన్ను? మళ్లీ నా కూతురి మాటేగా ఎత్తాలి?"

నేను లేచాను. మోకాళ్లకంటిన మట్టి దులుపుకోకుండానే వచ్చేశాను.